తక్కువ రేటు అడగాలంటే: నల్లగొండ, పాలమూరు వైపు ఏజెంటు ద్వారా ఇల్లు కొనేవాళ్లకు

నల్లగొండలో ఇల్లు వెతకడం మొదలుపెట్టిన కొత్తలో మాకు ఒక ఇల్లు బాగా నచ్చింది. హైదరాబాద్ రోడ్డు వైపు లోపలి గల్లీ, తూర్పు ముఖం, గేటు పక్కన వేపచెట్టు. ఏజెంటు 60 లక్షలు అన్నాడు. "40కి ఇస్తారేమో అడుగు" అన్నాను ఫోన్‌లోనే. 40 ఎందుకని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. సగానికి కాస్త ఎక్కువ నుంచి మొదలుపెట్టాలని ఎవరో చెబితే విన్నాను, అంతే. ఆ మాట చెవిన పడ్డాక ఓనరు మాతో మాట్లాడటమే మానేశాడు. తర్వాత ఆ ఇల్లు వేరేవాళ్లకు 52కు పోయిందని తెలిసింది. మేమూ అంత పెట్టగలిగేవాళ్లమే. ఆ వేపచెట్టు ముందు నుంచి వెళ్లినప్పుడల్లా ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఆ తర్వాత మా ఇంటి బేరంలోనూ, చుట్టాల బేరాల్లోనూ కూర్చున్నాను. తక్కువ అడిగితే ఎవరూ కోపం చేసుకోరు. లెక్క లేకుండా అడిగితేనే కోపం వస్తుంది. ఏజెంటు ఓనరు ఇంటికి వెళ్లి చాయ్ తాగుతూ వివరించగలిగే కారణం మీ అంకె వెనుక ఉండాలి. ఆ కారణాన్ని ఎలా తయారు చేసుకోవాలో, ఎలా పంపాలో వరుసగా చెబుతాను.

మొదట మీ డబ్బు లెక్క

ఇల్లు చూడకముందే బ్యాంకుకు వెళ్లండి. మీ జీతానికి, మీ ఐటీ రిటర్నులకు ఎంత లోన్ వస్తుందో రాతపూర్వకంగా తీసుకోండి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం హోంలోన్ 30 లక్షల లోపైతే ఇంటి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల మధ్య 80 శాతం దాకా, ఆపైన 75 శాతం దాకా ఇవ్వొచ్చు. ఇక్కడ ఇంటి విలువ అంటే మీరు ఓనరుతో తెంపుకున్న ధర అనుకోకండి. బ్యాంకు పంపే వాల్యూయర్ వేసిన విలువ తక్కువగా ఉంటే లెక్కకు అదే వస్తుంది. పాత ఇళ్లకు ఈ తేడా బాగా కనిపిస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇల్లు 52 లక్షలకు తెగింది. వాల్యూయర్ 50 వేశాడు. 80 శాతం లెక్కన లోన్ 40 లక్షలు, మిగతా 12 మీ చేతి నుంచి పెట్టాలి. దాని మీద రిజిస్ట్రేషన్ ఖర్చు ఉంటుంది. తెలంగాణలో 2021 జూలై నుంచి స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి 7.5 శాతం. 52 లక్షల మీద అది 3 లక్షల 90 వేలు. ఏజెంటుకు ఒక శాతం అనుకుంటే 52 వేలు. అంటే మీ చేతిలో 16 లక్షల 42 వేలు ఉండాలి. వకీలు ఫీజు, బ్యాంకు ఫీజులు, సున్నం రంగులు ఇందులో లేవు.

ఈ లెక్క కాగితం మీద పెట్టాక, ఆపైన ఒక్క రూపాయి కూడా వద్దనుకునే గరిష్ఠ ధర ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. భార్యాభర్తలిద్దరికీ ఒకే అంకె తెలియాలి. బేరం మధ్యలో ఒకరు 52 అని, ఇంకొకరు "ఇంకో రెండు పోతే పోనీ" అన్నారంటే అక్కడితో బేరం మీ చేయి దాటిపోయినట్టే.

ఏజెంటుకు ఏం చెప్పాలి, ఏం దాచాలి

మన ఊళ్లలో ఏజెంటు సాధారణంగా ఇద్దరి దగ్గరా కమీషన్ తీసుకుంటాడు. కాబట్టి అతను మీ మనిషీ కాదు, ఓనరు మనిషీ కాదు. అతనికి కావాల్సింది బేరం తెగడం. లెక్క చూస్తే అర్థమవుతుంది: ధర 2 లక్షలు తగ్గితే ఒక శాతం కమీషన్‌లో అతనికి పోయేది 2 వేలే. బేరమే చెడితే మొత్తం 50 వేలు పోతాయి. అందుకే ఈ పార్టీ నిజంగా కొంటుంది, డబ్బు రెడీగా ఉంది అని నమ్మకం కుదిరితే ధర తగ్గించమని అతనే ఓనరుకు నచ్చజెబుతాడు.

చెప్పాల్సినవి చెప్పండి: ఏ ఏరియా కావాలి, లోన్ మంజూరైందా, ఎన్ని రోజుల్లో రిజిస్ట్రేషన్ చేసుకోగలరు. దాచాల్సినవి రెండే. ఒకటి మీ గరిష్ఠ ధర. రెండోది తొందర, అంటే "పిల్లల స్కూళ్లు తెరిచేలోపు చేరాలి", "మా ఆవిడకు ఈ ఇల్లు పిచ్చి పిచ్చిగా నచ్చింది" లాంటివి. ఏజెంటు మంచివాడే కావచ్చు. కానీ మీరు చెప్పింది ఏదో ఒక మాటలో ఓనరు దాకా పోతుంది. ఇల్లు చూసేటప్పుడు బెడ్రూంలో నిలబడి మంచం ఎక్కడ వేయాలో మాట్లాడుకోకండి. ఆ ముచ్చట ఇంటికొచ్చాక పెట్టుకోండి.

కమీషన్ సంగతి ఇల్లు చూసే రోజే తేల్చుకోండి. శాతం బదులు ఇంత మొత్తం అని ముందే అనుకుంటే ఇంకా మంచిది. అప్పుడు ధర పెరిగినా అతనికి పెరిగేది ఉండదు.

ఒకే ఇంటిని ఇద్దరు ముగ్గురు ఏజెంట్లు చూపించడం మామూలే. ఎవరు ముందు చూపించారో వాళ్ల ద్వారానే బేరం నడపండి. వేరే ఏజెంటు ద్వారా ఇంకో అంకె పంపితే, ఓనరుకు తన ఇంటికి ఇద్దరు కొనేవాళ్లు వచ్చినట్టు కనిపిస్తుంది. మీకు మీరే పోటీ అవుతారు. చివర్లో ఇద్దరూ కమీషన్ అడుగుతారు కూడా.

కొత్త అపార్ట్‌మెంట్, వెంచర్ అయితే ఆ ప్రాజెక్టుకు, అమ్మే ఏజెంటుకు తెలంగాణ రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ ఉందా అని చూడాలి. మనం మాట్లాడుకుంటున్నది పాత ఇల్లు కొనడం గురించి. ఇక్కడ మీ జాగ్రత్తే మీకు రక్ష.

ఇల్లు చూడటం: మీ కారణాలన్నీ ఇక్కడే దొరుకుతాయి

కనీసం రెండుసార్లు చూడండి. ఒకసారి పగలు, ఒకసారి సాయంత్రం కరెంటు, నల్లా నీళ్లు వచ్చే టైంలో. కుదిరితే గట్టి వాన పడ్డ మర్నాడు. రెండోసారి తెలిసిన మేస్త్రీని వెంట తీసుకెళ్లండి. ఆయనకిచ్చే కూలి మీకు బేరంలో పదింతలై తిరిగొస్తుంది.

మొదట గేటు ముందు నిలబడి రోడ్డు చూడండి. మన గల్లీల్లో పాత రోడ్డు మీదే మళ్లీ మళ్లీ సీసీ రోడ్డు వేస్తూ పోతారు. పదిహేనేళ్ల కిందట రోడ్డు కన్నా రెండడుగుల ఎత్తున కట్టిన ఇల్లు ఇప్పుడు రోడ్డుకు సమానమైంది, లేదా కిందికి దిగింది. వానాకాలం మోరీ నీళ్లు వరండాలోకి వస్తాయి. దీన్ని సరిచేయడం రంగు వేసినంత తేలిక కాదు. నా మటుకు ధర తగ్గించమని అడగడానికి ఇంతకన్నా గట్టి కారణం లేదు.

తర్వాత మేడ ఎక్కి స్లాబ్, పిట్టగోడ మొదళ్లు చూడండి. కింద గదుల మూలల్లో చెమ్మ మరకలు, కొత్తగా ఒకే గోడకు వేసిన రంగు, నెర్రెలు గమనించండి. సన్నటి నెర్రె ప్లాస్టరింగ్‌ది కావచ్చు. దూలం కింద నుంచి అడ్డంగా పోయిన నెర్రె సంగతి మేస్త్రీ చెప్పాలి. వైరింగ్ ఎప్పటిదో, బాత్రూం పైపులు ఎప్పుడు మార్చారో అడగండి. కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు, నల్లా బిల్లు చూపించమనండి. బాకీలు ఉంటే అవి కూడా లెక్కలోకే వస్తాయి.

నల్లగొండ జిల్లాలో బోరు నీళ్ల పరీక్ష తప్పకుండా చేయించండి. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ ఎన్ని తరాల ఎముకలు వంచిందో మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. నల్లా నీళ్లు సరిగ్గా వస్తున్నా, వేసవిలో రెండు రోజులు ఆగినప్పుడు బోరే దిక్కు. పరీక్ష రిపోర్టులో అంకె ఎక్కువ వస్తే ఆ కాగితం బేరానికి పనికొస్తుంది. అంతకన్నా ముందు మీ పిల్లల కోసం మీకు తెలియాలి.

వాస్తు సంగతి కూడా చెప్పాలి. దక్షిణం ముఖం, వీధిపోటు, ఈశాన్యం కోసుకుపోయిన జాగ అయితే కొనేవాళ్లు తక్కువ, కాబట్టి ధర తగ్గుతుంది. మీకు పట్టింపు లేకపోతే అది మీకు లాభమే. రేపు మీరు అమ్మేటప్పుడు కూడా ఇదే మాట వినాల్సి వస్తుందని మాత్రం మనసులో ఉంచుకోండి.

రేటు కట్టడం

జాగ వేరు, కట్టడం వేరు. ముందు ఆ గల్లీలో ఈ ఏడాది అమ్ముడైన జాగలు, ఇళ్లు గజం ఎంతకు పోయాయో ముగ్గురిని అడగండి: ఒక ఏజెంటు, ఒక కిరాణా కొట్టు ఆయన, ఆ వీధిలోనే కొన్న ఒకరు. "చెబుతున్న రేటు" వేరు, "తెగిన రేటు" వేరు. మీకు కావాల్సింది రెండోది. నల్లగొండలో క్లాక్ టవర్ దగ్గరి రేటు పానగల్ వైపు చెల్లదు, పాలమూరులో మెట్టుగడ్డ రేటు ఏనుగొండలో చెల్లదు. ఒక వీధి దాటితేనే మారిపోతుంది.

రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో సర్కారు మార్కెట్ విలువ ఉచితంగా దొరుకుతుంది. అది ఖర్చు లెక్కకు పనికొస్తుంది కానీ బేరానికి పనికిరాదు. "సర్కారు రేటు ఇంతే కదా" అని ఓనరుతో అన్నారంటే, ఊరి సంగతి తెలియని మనిషి అని తేలిపోతుంది. ఇంకో మాట. సర్కారు విలువ మీరు కొనే ధర కన్నా 10 శాతానికి మించి ఎక్కువైతే, ఆ తేడాను ఆదాయపు పన్ను చట్టం మీ ఆదాయం కింద లెక్కేస్తుంది. మన వైపు ఇది అరుదే అయినా మెయిన్ రోడ్డు ఆస్తులకు ఒకసారి సరిచూసుకోండి.

ఇప్పుడు ఉదాహరణ. ఇందులోని రేట్లు నేను లెక్క కోసం అనుకున్నవి, మీ వీధి రేట్లు మీరు పెట్టుకోండి. 150 గజాల జాగ, 1,000 అడుగుల స్లాబ్ ఇల్లు, కట్టి 15 ఏళ్లు. ఓనరు చెప్పింది 60 లక్షలు. గజం 25 వేలకు తెగుతోందనుకుంటే జాగ 37 లక్షల 50 వేలు. ఇప్పుడు అలాంటి ఇల్లు కట్టడానికి అడుగుకు 1,800 అని మేస్త్రీ అంటే 18 లక్షలు. స్లాబ్ ఇంటికి 60 ఏళ్ల ఆయుష్షు అనుకుంటే పావు వంతు అయిపోయింది. కట్టడం విలువ 13 లక్షల 50 వేలు. రెండూ కలిపితే 51 లక్షలు. మేడ మీద లీకేజీ, వైరింగ్ పనులకు లక్షన్నర తీసేస్తే 49 లక్షల 50 వేలు.

ఇది ఈ ఇంటి న్యాయమైన ధర అని మీరు నమ్ముతున్నారన్నమాట. మొదటి మాట దీనికి ఐదు శాతం కింద, అంటే 47 దగ్గర పెట్టండి. ఇల్లు బాగా నచ్చితే కాస్త పైన మీ గరిష్ఠం, 52. నలభై అడిగితే నేను చేసిన తప్పే మీరూ చేస్తారు.

కాగితాలు: ఏ లోపానికి ధర తగ్గుతుంది, ఏ లోపానికి దండం పెట్టాలి

ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపించే సర్టిఫికెట్, కనీసం 30 ఏళ్లది తీయించండి. 1983 నుంచి ఉన్నవి ఆన్‌లైన్‌లోనే దొరుకుతాయి. బ్యాంకు తాకట్టు ఉంటే చాలావరకు అందులో కనిపిస్తుంది. తాకట్టు ఉన్నంత మాత్రాన భయపడక్కర్లేదు, మీ డబ్బుతో ముందు ఆ లోన్ తీర్చి కాగితాలు విడిపించే ఏర్పాటు చేసుకోవచ్చు. ఆ ఇబ్బందిని భరిస్తున్నందుకు కొంత తగ్గించమని అడగొచ్చు. అనుమతి లేని లేఅవుట్‌లో ప్లాటు అయితే 2020 ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ పథకం) కింద దరఖాస్తు పెట్టారా, ఫీజు కట్టి ప్రొసీడింగ్స్ (మంజూరు కాగితం) తెచ్చుకున్నారా చూడండి. ఆ ఏడాది ఆగస్టు 26 లోపు రిజిస్టరైన ప్లాట్ల కోసం పెట్టిన పథకం అది. ఫీజు బాకీ ఉంటే ధరలోంచి తీసేయమనండి.

తండ్రి పేరు మీద ఉన్న ఇంటిని కొడుకులు అమ్ముతుంటే ఆడబిడ్డల సంతకాలు కూడా కావాలి. "మా అక్కచెల్లెళ్లు అడగరు" అన్న మాటతో కొనకండి. నోటరీ కాగితాల మీద చేతులు మారిన ఇల్లు సగం ధరకు వస్తుందన్నా వద్దు. బ్యాంకు లోన్ రాదు, నిద్ర కూడా రాదు. ఈ కాగితాలన్నీ ఒక వకీలుకు చూపించి ఒపీనియన్ రాయించుకున్నాకే డబ్బు చేతులు మారాలి.

మాట పంపడం

ఓనరు ఎందుకు అమ్ముతున్నాడో తెలుసుకోండి. బిడ్డ పెళ్లి, కొడుకు అమెరికా చదువు, హైదరాబాద్‌కు మకాం మార్చడం, అన్నదమ్ముల పంపకం. ఒక్కో కారణానికి వాళ్లకు కావాల్సింది వేరుగా ఉంటుంది. పెళ్లి ఉంటే డబ్బు ఒక తేదీకి చేతికి రావాలి, కానీ పెళ్లి అయ్యేదాకా ఇల్లు ఖాళీ చేయలేరు. "రిజిస్ట్రేషన్ ముందే చేసుకుంటాం, పెళ్లయ్యాక రెండు నెలలు ఇంట్లోనే ఉండండి, కిరాయి వద్దు" అన్న మాట చాలాసార్లు లక్ష రూపాయలకన్నా బరువు తూగుతుంది. ముగ్గురు అన్నదమ్ములైతే ముగ్గురికీ సమానంగా వచ్చే అంకె అడగండి. 51 అంటే తలా 17, ఎవరికీ పేచీ ఉండదు.

ఆస్పత్రి ఖర్చులకో, అప్పులవాళ్ల ఒత్తిడికో అమ్ముతున్నారని తెలిస్తే మాత్రం మీ లెక్కకన్నా కిందికి నొక్కకండి. న్యాయమైన ధర చెప్పి, డబ్బు తొందరగా ఇవ్వండి. మనం ఆ ఇంట్లో బతకాలి, దీపం పెట్టాలి.

అంకెను ఫోన్‌లో గాలికి చెప్పకండి. ఏజెంటును కూర్చోబెట్టి ఇలా చెప్పండి: "అన్నా, ఇల్లు మాకు నచ్చింది, తీసుకుందామనే ఉన్నం. జాగకు గల్లీల నడుస్తున్న రేటే పెట్టినం. ఇల్లు పదిహేనేండ్లది, మీద లీకేజీ ఉంది, రోడ్డు ఎత్తయింది. అన్ని చూసుకుంటే మాకు 47 పడుతున్నది. లోన్ సాంక్షన్ అయింది, 45 రోజుల్ల రిజిస్ట్రేషన్ చేసుకుంటం. ఓనర్ సార్‌కు ఇదే మాట చెప్పు." తర్వాత అదే లెక్క నాలుగు లైన్లలో వాట్సాప్ పెట్టండి. ఎందుకంటే నిర్ణయం ఓనరు ఒక్కడే తీసుకోడు. ఆయన భార్యను అడుగుతాడు, హైదరాబాద్‌లో ఉన్న కొడుక్కి ఫోన్ చేస్తాడు. నోటి మాట అయితే మూడు చేతులు మారేసరికి "47 అంట" ఒక్కటే మిగులుతుంది. రాసి ఉంటే కారణాలు కూడా ఆ కొడుకు దాకా చేరతాయి.

ఇంట్లో లోపాలు చెప్పేటప్పుడు కట్టినవాళ్లను తక్కువ చేసే మాట రాకూడదు. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో, ఒక్కో ఇటుకా దగ్గరుండి పెట్టించుకున్న ఇల్లు అయి ఉంటుంది.

సమయం కూడా చూసుకోండి. ఆషాఢం, పుష్యం, మూఢం, పెత్తర అమావాస్య ముందు పక్షం రోజులు కొనేవాళ్లు తగ్గుతారు. అప్పుడు బేరం మాట్లాడండి, బయానా (అడ్వాన్సు) మంచి రోజు చూసి ఇవ్వొచ్చు. ఆషాఢంలో తెగిన మాటకు శ్రావణంలో బయానా పెట్టడం ఇద్దరికీ తృప్తిగా ఉంటుంది.

తిరుగు మాట వచ్చాక

ఓనరు 57 అన్నాడనుకోండి. వెంటనే పెంచకండి. ఒకటి రెండు రోజులు ఆగి 49.5 చెప్పండి, మళ్లీ కారణంతోనే. వాళ్లు 54కు దిగితే మీరు 50.75. ఆ తర్వాత 51.5. ప్రతిసారీ మీరు పెంచేది తగ్గుతూ పోవాలి. రెండున్నర, ఒకటింపావు, ముప్పావు. ఆ తగ్గుదల చూసే అవతలివాళ్లకు మీ హద్దు దగ్గర పడిందని అర్థమవుతుంది. వాళ్లు దిగకముందే మీరు ఇంకో మెట్టు ఎక్కకండి. "ఇంకో పార్టీ 55 అంటోంది, ఇయ్యాల సాయంత్రమే చెప్పాలె" అని ఏజెంటు టెన్షన్ పెడితే, "వాళ్లకు కుదిరితే సంతోషం అన్నా, మా లెక్క ఇదే" అనండి. నిజంగా ఆ పార్టీ ఉంటే ఇల్లు పోతుంది. లేకపోతే రెండు రోజుల్లో ఫోన్ వస్తుంది. రెండింటికీ సిద్ధపడి ఉండాలి.

"పది లక్షలు క్యాష్ ఇస్తే రేటు తగ్గిస్తరు" అన్న మాట కూడా వస్తుంది. ఒప్పుకోకండి. ఆస్తి లావాదేవీలో 20 వేలు, ఆపైన నగదు తీసుకోవడం చట్టానికి విరుద్ధం, తీసుకున్నవాళ్లకు అంతే జరిమానా. దస్తావేజులో ధర తగ్గితే మీకు లోన్ తగ్గుతుంది, రేపు అమ్మినప్పుడు లాభం ఎక్కువ కనిపించి పన్ను పెరుగుతుంది.

తేడా లక్ష, లక్షన్నరకు వచ్చాక ఓనరుతో ముఖాముఖి సిట్టింగ్ అడగండి. ఓనరుకు ఒక రేటు, మీకు ఒక రేటు చెప్పి మధ్యలో మిగుల్చుకునే ఏజెంట్లూ ఉన్నారు, ఎదురెదురుగా కూర్చుంటే అది సాగదు. ఇంటి పెద్దను ఒకరిని తీసుకెళ్లండి. మిగిలిన తేడాను ఆ పెద్దమనిషి నోటి నుంచే రానివ్వండి: "వాళ్లు ఒకటి దిగిండ్రు, నువ్వు ఒక అర్ధ దిగు సార్, శుభంగ కానిద్దాం." బీరువాలు, గీజర్, ఇన్వర్టర్ వదిలిపెడతారా అని అప్పుడే అడగండి. నగదు తగ్గించడానికి మనసొప్పనివాళ్లు వస్తువులు సంతోషంగా వదిలేస్తారు.

బయానా

బయానా ఓనరు ఖాతాలోకే వెయ్యండి, ఏజెంటు చేతికి కాదు. ఎంతమంది హక్కుదారులుంటే అందరూ అగ్రిమెంట్ మీద సంతకం పెట్టాలి. అందులో మొత్తం ధర, గజాలు, ఇంటి నంబర్, హద్దులు, గడువు, వదిలేసే వస్తువులు రాయించండి. లోన్ రాకపోతే, కాగితాల్లో లోపం తేలితే బయానా ఎన్ని రోజుల్లో వాపస్ ఇస్తారో ఒక లైను తప్పక ఉండాలి. డాక్యుమెంట్ రైటర్ దగ్గరుండే మామూలు నమూనాలో ఆ లైను ఉండకపోవచ్చు, అడిగి రాయించుకోండి. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే ఒక శాతం టీడీఎస్, అంటే ఓనరు తరఫున ముందే కట్టే ఆదాయపు పన్ను, ఆయనకిచ్చే డబ్బులోంచి మీరే పట్టుకుని కట్టాలి. 52 లక్షలకు అది 52 వేలు. ఈ సంగతి సిట్టింగ్‌లోనే ఓనరుకు చెప్పండి. రిజిస్ట్రేషన్ రోజు చెబితే ధర తగ్గించడానికి కొత్త ఎత్తు అనుకుంటారు.

కుదరకపోతే

మీ గరిష్ఠం దగ్గర ఆగిపోయాక కూడా తేడా ఉంటే, ఓనరుకు నమస్కారం పెట్టి లేవండి. "మా మాట ఇదే సార్, మీ మనసు మారితే ఫోన్ చెయ్యండి" అని నంబర్ ఇచ్చి రండి. ఏజెంటు చాయ్ పైసలు, పెట్రోలు పైసలు కలిపి చేతిలో పెట్టండి, అతను తిరిగాడు కదా. రెండు నెలల తర్వాత ఒకసారి మీరే ఫోన్ చేసి ఇల్లు అమ్ముడైందా అని అడగండి. మేం ఇప్పుడు ఉంటున్న ఇల్లు అలా రెండో ఫోన్‌కే వచ్చింది. మొదటి సిట్టింగ్‌లో వద్దన్న అదే అంకెకు.